ఉట్టిలో రాయి

వీపున మోసే పిట్టూ సంచి అడుగున ఉండాల్సిన రాయి లేదు.

ఉపేంద్ర మళ్ళీ చెయ్యి పెట్టి వెతికాడు. మేజోళ్ళు, నీళ్ళ సీసా, మడిచిన ప్లాస్టిక్ పట్టా, మోకాళ్ళకు రాసుకునే నూనె డబ్బా. అన్నీ చేతికి తగిలాయి. అదొక్కటే తగల్లేదు.

సంచి మాత్రం దూలానికి కొట్టిన మేకుకే వేలాడుతోంది. క్యాంపు నుంచి సెలవు మీద వచ్చిన రోజు తానే అక్కడ తగిలించాడు. కింద పెట్టొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

"రేణుకా!"

వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తున్న రేణుక చేటతో సహా లోపలికి వచ్చింది.

"ఏందయ్యా, ఇల్లు కూలిందా?"

"నా సంచి ఎవరు ముట్టిన్రు?"

"నీ సంచిని ముట్టే ధైర్యం నాకు యాడిది? నేను నేల మీద పండుకుంట, అది దూలం మీద పండుకుంటది. ఈ ఇంట్ల దానికున్న మర్యాద నాకు లేదు."

"నవ్వులాట కాదు. అందుల ఒకటుండాలె."

రేణుక చేట పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది.

"తూటాలా? ఇంటికి గట్లాంటివి తెచ్చినవా?"

"రాయి."

"ఏంది?"

"రాయే. గుడ్డల చుట్టి ఉంటది. కొబ్బరికాయంత."

రేణుకకు నవ్వు వచ్చింది. మొగుడి ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

అతను అప్పటికే ధాన్యం గంప పక్కకు లాగాడు. దుప్పట్లు దులిపాడు. కట్టెల మోపు విప్పాడు. పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బూడిదలో చేతులు పెట్టి, పొయ్యిరాళ్ళు మూడింటినీ ఒక్కొక్కటిగా తడిమి చూశాడు.

"రాయి కోసం పొయ్యి పీకుతవా? మన కొండ నిండ రాళ్ళే గదా. పోయి ఇంకోటి తెచ్చుకో!"

"ఇంకోటి కాదే. అదే కావాలె."

బయటికి వచ్చాడు. వాకిలంతా పరిచిన పువ్వు మధ్య నుంచి నడిస్తే నాలుగు అడుగులు. అతను గోడ వెంట, రేణుక పాదాల గుర్తులున్న చోటే కాలు వేస్తూ, చుట్టు తిరిగి వెళ్ళాడు. వచ్చిన రోజు నుంచీ ఇదే నడక. కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే అతని కాలు దానంతటదే ఆగిపోతుంది.

"మన వాకిట్ల ఎవరు పెట్టిన్రయ్యా బాంబు?" అంది రేణుక వెనక నుంచి. ఎగతాళిగానే మొదలుపెట్టింది. చివరికి ఎగతాళి మిగల్లేదు.

అతను చూరు కింద చెయ్యి పెట్టి వెతకసాగాడు.

అప్పుడే నెత్తి మీద ఇప్పపువ్వు గంపతో సోమక్క వచ్చింది. గంప దించి, కొంగుతో మెడ తుడుచుకుని, చిందరవందరగా పడి ఉన్న ఇంటిని చూసింది. కొడుకు చేతులకు అంటిన బూడిదను చూసింది.

"వెతకకు బిడ్డా. నేనే తీసిన," అంది.

ఉపేంద్ర తల్లి చేతుల వైపు చూశాడు.

"యాడ పెట్టినవే అమ్మా? కింద పెట్టినవా?"

"నన్ను అడుగుతున్నవా ఆ మాట? కింద పెట్టొద్దని నాకు తెలవదా?" సోమక్క లోపలికి నడిచి పైకి చూపించింది. దూలానికి వేలాడే ఉట్టిలో, పాత నెయ్యి కుండ మీద, పసుపు మరకల గుడ్డ మూట ఉంది. "నువ్వు సంచిని నేలకి తాకనియ్యకపోతే అనుమానమొచ్చింది. విప్పి చూస్తే రాయి, పసుపు బియ్యం. అడవిల పోయిన మనిషి రాయి. అంతే గదా?"

వాళ్ళ తెగలో అది అందరికీ తెలిసిన విషయమే. మనిషి అడవిలో పోతే, శవం ఇంటికి వచ్చినా రాకపోయినా, పోయిన చోటి నుంచి ఒక రాయి తెస్తారు. దారిలో దాన్ని నేలకు ఆనించరు. ఆనితే పోయిన ప్రాణం అక్కడే దిగిపోతుంది, ఇక ఇల్లు చేరదు.

"అంతే," అన్నాడు ఉపేంద్ర.

"ఎవరిదిరా?"

వాకిట్లో కోళ్ళు ఇప్పపువ్వును పొడుస్తున్నా రేణుక అదిలించలేదు.

"ఎవరిదని అడుగుతున్న."

"లక్మా అన్నది."

సోమక్క పట్టి ఉంచిన ఊపిరి వదిలింది. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుంది.

లక్మాది అవతలి గుంపు, అదే ఊళ్ళో ఇంకో పేట. అతనూ ఉపేంద్రా ఒకే రోజు పోలీసు ఫోర్సులో చేరారు. గస్తీలో ఒకరి వెనక ఒకరు నడిచేవారు. పోయిన ఎండాకాలం మరైగూడ దాటాక మట్టిరోడ్డు మీద మందుపాతర పేలింది. లక్మాను జెండా చుట్టి ఇంటికి తెచ్చారు. రాయి మాత్రం రాలేదు. ఆ చోటికి ఎవరినీ పోనివ్వలేదు. ఇప్పుడు ఆ గుంత మీద తారు పోసి రోడ్డు వేశారు.

"మాసే నన్ను అడగని రోజు లేదు," అంది సోమక్క. "అత్తా, ఆయనకి దారి దొరకలే, ఇంటికి రాలే అని ఏడుస్తది. నువ్వేమో దాని మొగుణ్ణి సంచిలేసుకుని తిరుగుతున్నవ్. ఎందుకురా?"

"ఇద్దామనే..."

"ఎప్పుడు? ఇంకొకరింటి మనిషిని మన ఉట్టిల ఉంచుకుంటమా? పొద్దు వాలకముందే పిలుస్తా. సీతయ్య అన్నకి కూడా చెప్తా."

"ఈ పారి వద్దమ్మా. మళ్ళీ ఛుట్టీకి వచ్చినప్పుడు..."

"మళ్ళీ వస్తవో రావో!"

ఆ మాట నోరు జారింది. సోమక్క గబుక్కున నాలుక కరుచుకుంది. ఇంకేమీ అనకుండా చెప్పులేసుకుని అవతలి గుంపు వైపు వెళ్ళిపోయింది.

*

రేణుక నూనె డబ్బా తెచ్చి మొగుడి వెనక కూర్చుంది.

చొక్కా లేని అతని భుజాల మీద సంచి పట్టీలు పడే చోట రెండు నల్లటి గాడులు ఉన్నాయి. చర్మం మొద్దుబారి, వేలితో నొక్కినా అతనికి తెలియదు. పెళ్ళయిన కొత్తలో అక్కడ చెయ్యి వేస్తే గిలిగింతలని పారిపోయేవాడు.

"ఇక్కడ తెలుస్తున్నదా?"

"లే."

"ఇక్కడ?"

"లే."

"నేను ముట్టుకునేది నీకు తెలిసే చోటు ఇంకేమన్న మిగిలిందా?"

రేణుక నూనె రాస్తూనే ఉంది.

"నువ్వు వస్తవని ఎదురుచూస్తే సంచి వస్తది. దాని కింద మనిషుంటడు. ఎన్నడన్న ఒట్టి చేతులతోని రావయ్యా. ఒక్కసారి."

"వస్తనే."

"ఆ రాయి లక్మా అన్నది కాదు."

అతని భుజం బిగుసుకుంది. ఆ చర్మానికి స్పర్శ లేకపోయినా, రేణుక చేతికి ఆ బిగువు తెలిసింది.

"ఏం మాట్లాడుతున్నవ్?"

"అత్త పోయినంక ఉట్టిల మూట విప్పి చూసిన. నున్నగున్నది. ఏటి రాయి. ఏండ్లకేండ్లు నీళ్ళల్ల దొర్లితే గానీ అట్ల కాదు. లక్మా అన్న పోయింది మట్టిరోడ్డు మీద. అక్కడ వాగు యాడున్నది?"

"అడగకే."

"అడుగుత. ఎవరిది?"

"అడగకన్న గదా!"

లేచి నిలబడ్డాడు. గోడ మేకుకున్న చొక్కా తీసుకున్నాడు. ఒక బొత్తాన్ని ఇంకో కాజాలో పెట్టుకున్నాడు.

వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించింది. సోమక్క తిరిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"చెప్పినా. మాసే ఏడ్చింది, నవ్వింది, నా మెడ పట్టుకుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదంట, ఇప్పుడు అన్నం వండుకుంటున్నది." పొంగిపోతూ చాప పరుచుకుని కూర్చుంది. "రేణుకా, ఫోన్ తియ్యమ్మా. మొన్న ఎవరో బయటికి వచ్చిన్రంట గదా. చూద్దాం."

రేణుక చేతిలో నూనె డబ్బా అలాగే ఉంది.

"ఇప్పుడెందుకత్తా..."

"ఇవ్వాళ మంచి రోజు. ఒకింటికి మనిషి చేరుతున్నడు. మనింటికి కూడా రాడా?"

సోమక్క పెద్దకొడుకు మంగల్. ఉపేంద్ర బడిలో ఉన్నప్పుడే దళంతో అడవిలోకి వెళ్ళాడు. మళ్ళీ కనిపించలేదు. తరవాత ఉపేంద్ర, అదే అడవిని వెతికే ఫోర్సులో చేరాడు. ఇప్పుడు తుపాకులు వదిలి అంతా బయటికి వస్తున్నారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. అలాంటి వీడియో వచ్చిన ప్రతిసారీ సోమక్క ముఖం కడుక్కుని మరీ కూర్చుంటుంది.

రేణుక ఫోన్ తెరిచింది. వరసగా కూర్చున్న మనుషులు. చేతుల్లో పూలు.

"ఆపు, ఆపు. పెద్దగ చెయ్. ఈడు కాదు. ఆ పక్కోడు? ఈడికి గడ్డమున్నది. మంగల్‌కి గడ్డం రాదు, మా నాయన పోలిక. వెనకోడిది చెవి చూపియ్యి."

"చెవి కనబడతలేదత్తా."

"కుడిచెవి తమ్మె చీలి ఉండాలె. చిన్నప్పుడు మేకపిల్ల పోగు పట్టి పీకింది. ఎంత ఏడ్చిండో! వాణ్ణి ఎవరు మరిచినా ఆ చెవిని మరవరు. గదరా ఉపేంద్రా?"

రేణుక తలెత్తింది.

ఉపేంద్ర గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి తన కుడిచెవి మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది.

రేణుక వేలు తెర మీద కదలటం మానేసింది.

"ఏందమ్మా, ఆగింది? సిగ్నల్ పోయిందా?"

"పోయిందత్తా," అంది రేణుక.

*

సోమక్క నీళ్ళకు వెళ్ళగానే రేణుక పెరటి తడిక దగ్గరికి వచ్చింది. ఉపేంద్ర అక్కడ కట్టెలు కొడుతున్నాడు. కొట్టిన కట్టెనే మళ్ళీ కొడుతున్నాడు.

"ఎవరి కొడుకుని ఎవరింటికి పంపుతున్నవో నీకు తెలుసు," అంది.

గొడ్డలి ఆగింది.

"ఇప్పుడు నాకూ తెలుసు."

అతను గొడ్డలిని మొద్దులో దించి వదిలేశాడు.

"అమ్మ ఆ ఫోన్ చూసుకుని బతుకుతున్నది. నేను నోరు తెరిస్తే అదీ పోతది. తెరవకపోతే మాసే వదినకి రాయి దక్కుతది, అమ్మకి ఆశ దక్కుతది. ఎవరికే నష్టం?"

"రాయికి."

అతను తలదించుకున్నాడు.

"తల్లి ఇంట్ల ఉట్టి దాక వచ్చి, మళ్ళీ వేరే ఇంటికి పోవాల్నా ఆయన? అక్కడ లక్మా అన్న పేరుతోని పిలిస్తే పలకాల్నా?" రేణుక కళ్ళు తుడుచుకోలేదు. "నీ ఇష్టం. కానీ రేపటి నుంచి అత్తకి ఆ ఫోన్ నేను చూపియ్య. నువ్వే చూపియ్యి. ఒక్కొక్క ముఖం పెద్దగ చేసి, ఒక్కొక్క చెవి చూపియ్యి."

*

పొద్దు వాలకముందే మాసే వచ్చింది.

కొత్తచీర కట్టుకుంది. చేతిలో చేట, చేటలో తెల్లగుడ్డ. వెనక చుట్టాలు ఇద్దరు, ఒకరి మెడలో డోలు. సోమక్క అన్న సీతయ్య కాళ్ళు కడుక్కుని గడప పక్కన కూర్చున్నాడు. ఇలాంటివి జరిపించటం గుంపులో ఆయన పని.

"మరిదీ," అంది మాసే, ఉపేంద్రను చూడగానే. "గుంత మీద తారు పోసిన్రు, ఇంక రాయి యాడిదని ఏడ్చిన. ముందే ఏరిపెట్టినవ్ గదా. నీ కడుపు చల్లగుండ."

"వదినా..."

"ఎందుకు ఆలస్యం చేసినవని అడగ. నీకూ ఇడిచిపెట్ట బుద్ధి కాలేదేమో. అది నాకు తెలవదా? మీరిద్దరు ఒక్క బీడీ పంచుకునేటోళ్ళు." మాసే నవ్వింది, ముక్కు తుడుచుకుంది. "తాగొచ్చినప్పుడు మా ఇల్లనుకుని పక్కింటి తలుపు కొట్టేటోడు. ఇవ్వాళన్న తిన్నగ వస్తడు."

డోలు మెడలో ఉన్నవాడు నవ్వాడు. సోమక్క కూడా నవ్వింది. ఉట్టిలోంచి మూటను తానే దించింది. పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో కొడుకు చేతుల్లో పెట్టింది.

"అబ్బో, బరువే," అంది. "ఇంత బరువు ఎట్ల మోసినవ్ బిడ్డా, గుట్టలెక్కుకుంట?"

సీతయ్య గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడా, గడపల నిలబడు. తెచ్చినోడే చెప్పాలె. ఎవరు, యాడ పోయిండు, ఎట్ల పోయిండు. నీ నోటితోని, అందరు వినేటట్టు. చెప్పినంక మాసే గుడ్డ పడతది. నువ్వు ఏ పేరు చెప్తే ఆ పేరు మీదనే పోయిన ప్రాణం ఆ ఇంట్లకి పోతది. మళ్ళీ మార్చేది లేదు."

ఉపేంద్ర గడపలో నిలబడ్డాడు. లోపల తల్లి. బయట మాసే. రెండు చేతుల మధ్య రాయి.

మాసే తెల్లగుడ్డ విప్పి చాచింది.

"చెప్పు మరిదీ."

రేణుక గోడ పక్కన నిలబడి ఉంది. అతని వైపు చూడటం లేదు. రాయి వైపు చూస్తోంది.

"చెప్పరా," అంది సోమక్క. "లక్మా అని చెప్పు. పాపం పిల్ల చేతులు నొప్పి పుడతయ్."

ఉపేంద్ర పెదాలు కదిలాయి. మొదటి అక్షరం వచ్చింది. "ల..."

ఆగాడు. మాసే చేతుల్లోని తెల్లగుడ్డ మీద రాయిని పెట్టబోయిన చేతులను మళ్ళీ గుండెకు తెచ్చుకున్నాడు. మాసే వైపు తిరిగి ఉన్నవాడు మెల్లగా ఇంట్లోకి తిరిగాడు.

"అమ్మా, ఇది లక్మా అన్నది కాదు. వదినా, నన్ను క్షమించు. పొద్దున అబద్ధం చెప్పిన.

"లక్మా అన్న పోయే ముందటి వానలప్పుడు వాగు అవతల కాల్పులైనయ్. మేమందరం కాల్చినం. ఎవరి తూటా ఎవరికి తగిలిందో తెలవదు. నాది కాదని నేను చెప్పలేను. అయిపోయినంక ముగ్గురిని ఒడ్డు మీద పండబెట్టిన్రు. సాబ్ మమ్మల్ని పిలిచిండు. మీరు ఈ దిక్కు పోరగాళ్ళు గదా, ఎవరన్న తెలుసా అన్నడు. మొదటోడు తెలవదు. రెండోడు తెలవదు. మూడో మనిషి ముఖమంతా బురద. నేను ముఖం చూడలే అమ్మా. చెవి చూసిన.

"తెలవదు సాబ్ అన్న.

"పేరు చెప్తే నీకు చెప్పాలె. నీకు చెప్తే ఎవరు కాల్చిన్రురా అని అడుగుతవ్. ఆ మాటకి భయపడ్డ. అంతే. ఇంకే కారణం లేదు.

"బొంగుకి కట్టి మోసినం. ముందు నేను, ఎనక లక్మా అన్న. నా పిట్టూ, నా తుపాకి, వాటి మీద ఆయన. వాగుల నీళ్ళు నడుము దాక వచ్చినయ్. లక్మా అన్నకి తెలిసిపోయింది. నా నడక చూసి తెలుసుకున్నడేమో. ఎవరికీ చెప్పలే. మూతి కడుక్కున్నట్టు వంగి, నీళ్ళల్లకెళ్ళి ఈ రాయి తీసి నా సంచిల ఏసిండు. నోటితోని చెప్పలేవు, ఈపుతోనన్న మొయ్యిరా అన్నడు. వదినా, ఇది ఏరింది నీ పెనిమిటి. పసుపు బియ్యం కట్టింది కూడా ఆయనే.

"ఆయన కోసం ఎవరూ రాలేదని వాళ్ళే పూడ్చిన్రు. నేను అక్కడనే నిలబడ్డ. వచ్చినోణ్ణి నేనే, నాకే నోరు రాలే.

"చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు నా కాళ్ళు తడవకుండ భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించేటోడు. ఆయన్ని నేను తిరిగి వాగు దాటించిన అమ్మా. ఇంటి దాక కూడా తెచ్చిన. పేరొక్కటే చెప్పలే.

"ఇప్పుడు చెప్తున్న. అందరు వినున్రి.

"మంగల్. మా అన్న."